మూడు గీతల సిగ్నలు, అమ్మ లెక్కల పేపరు

మా ఊళ్ళో సెల్‌ఫోను మాట్లాడాలంటే తుపాను షెల్టరు మేడెక్కాలి. రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతం మాట ఇది. అప్పటికి పలాసలో టీ కొట్టోడి దగ్గర్నుంచి ఆటో వాడిదాకా అందరి జేబుల్లోనూ ఫోన్లు మోగుతున్నాయి. మాకు మాత్రం ముందర సంద్రం, వెనక ఇసుక దిబ్బలు, దిబ్బల వెనక కొబ్బరి తోటలు, వాటి వెనక జీడి తోటలు, ఆ వెనకెక్కడో టవరు. మధ్యలో సిగ్నలంతా కొబ్బరిచెట్లే తాగేస్తున్నాయని మా మావ అనేవాడు. అందుకేనేమో, ఆ ఏడు కాపు బాగా వచ్చింది.

షెల్టరు మేడ మీద ఒక్క గీత సిగ్నలు వచ్చేది. అందుకని అక్కడ ఎప్పుడు చూసినా పదిమంది. గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళిన మొగుడితో పెళ్ళాం మాట్లాడుతుంటే మిగతా తొమ్మిదిమందీ చెవులప్పగించి వినేవాళ్ళు, మధ్యలో సలహాలు కూడా ఇచ్చేవాళ్ళు. "అలగనకే, మొన్న పంపిన చీర సంగతడుగు" అని. అంత చేసినా అక్కడ వచ్చేది మాటే. నెట్టు మాత్రం చచ్చినా రాదు. ఎర్రగా కాలిపోతున్న మేడ మీద అరగంట నిలబడి నొక్కితే కాళ్ళు కాలేవి, పేజీ తెరుచుకునేది కాదు. నేనప్పుడు పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగు దగ్గర పని చేసేవాణ్ణి. మొదటిసారి నెట్టు ఉన్న ఫోను కొన్నది మా ఊళ్ళో నేనే. ఆ గొప్ప పలాసలోనే మిగిలిపోయేది, ఊళ్ళోకొస్తే అది టార్చిలైటు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. పన్నెండేళ్ళు పిల్లల ముక్కులు తుడిచింది, గుడ్లు ఉడకబెట్టింది, చీపురు పట్టింది. అక్కడి టీచరమ్మ మొగుడికి వేరే ఊరు బదిలీ అయి ఆవిడ వెళ్ళిపోతోందని తెలిసింది. టెన్తు పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ముందు ఆయాకే అని పెద్దాఫీసు మేడమ్ చెప్పింది. అమ్మ ఏడో తరగతిలో ఉండగా పెళ్ళి చేసేశారు. ఈ కుర్చీ కబురొచ్చేసరికి నలభై ఏళ్ళు వచ్చేశాయి. ఆ మాట విన్న మర్నాడే ఓపెన్ స్కూల్లో చేరిపోయింది.

అన్నీ బాగానే పాసయ్యేది, ఒక్క లెక్కలు తప్ప. అదేం విచిత్రమో! రేవులో బేరం దిగితే గంపకింత, కిలోకింత అని యాపారి కాగితం తీసేలోపు నోటితో తేల్చేసే మనిషి. పుస్తకంలో ఎక్స్ కనిపిస్తే మాత్రం బిగుసుకుపోయేది. "ఈ ఎక్సు ఎవులురా? ఆడి విలువ మనమెందుకు కనుక్కోవాల, ఆడే సెప్పుకోవచ్చు కదా?" అని నా మీద పడేది. నేను ఇంటర్ తప్పినవాణ్ణి, నాకు మాత్రం ఏం తెలుసు? పిల్లలు నిద్రపోయాక వాళ్ళ పలకల మీదే లెక్కలు చేసేది. పిల్లలు లేచేసరికి అ ఆ లు ఉండాల్సిన పలకల మీద బీజగణితం.

మొదటిసారి తప్పింది. రెండోసారి ఫలితాలకి నన్ను తోడు తీసుకుని పలాస నెట్ సెంటరుకి వచ్చింది. లోపల యాభైమంది పిల్లలు, వాళ్ళ మధ్య గంజి పెట్టిన నీలం కోకలో మా అమ్మ. నెట్ సెంటరువాడు నెంబరు కొట్టి, తల తిప్పకుండా అరిచాడు. "పెద్దమ్మా! లెక్కల్లో తన్నేసింది. పందొమ్మిది!" అందరూ తిరిగి చూశారు. కొంతమంది నవ్వారు. వాళ్ళలో మా ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఇద్దరున్నారు. నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు గానీ చెప్తాను. బయటికొచ్చి, రోడ్డవతల పాన్ షాపు దగ్గర, ఆవిడెవరో నాకు తెలీనట్టు నిలబడ్డాను. అమ్మ ఒక్కతే బయటికొచ్చింది. నన్ను చూసింది. ఏమీ అనలేదు. ఆటో ఎక్కి, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. మేం ఊరు చేరేసరికి కబురు మాకన్నా ముందే చేరిపోయింది. రేవులో ఒకావిడ, "పందొమ్మిదా వొదినా, ఇరవయ్యా?" అని అడిగింది. మా అయ్య అయితే వారం రోజులు అన్నం దగ్గర కూర్చుని, "సదువుకున్నోలు ముందు తినండమ్మా" అన్నాడు. అయ్య మాట అలాగే ఉంటుంది. ఎక్కడ నొప్పి పుడుతుందో చూసుకోడు.

అమ్మ ఇక చదువు మానేసిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఏడాది తిరిగింది. ఒక ఆదివారం నేను ఇంటికొస్తే పెరట్లోకి పిలిచి, చుట్టూ చూసి, కొంగులోంచి ఒక హాల్‌టికెట్టు తీసింది.

"మల్లీ రాసినాను. ఎల్లుండి పదకొండుగంటలకి రిజల్టు వత్తాదట."

"ఎప్పుడు రాసినావు? ఎక్కడ?"

"టెక్కల్లో. మీ అయ్యకి మీటింగని సెప్పినాను."

అప్పుడు గుర్తొచ్చింది. వేసవి ముందర అమ్మ వరసగా టెక్కలి వెళ్ళింది. "ఆయాలకి కూడా అన్ని మీటింగులేటే?" అని అయ్య అడిగితే, "గుడ్లు పగలకుండా ఎలగ ఉడకబెట్టాలో నేర్పుతన్నారు" అని చెప్పింది. అయ్య నమ్మేశాడు. "అది మంచిదే" అని కూడా అన్నాడు.

"సరే, నేను పలాసలో సూసి సెప్తాను లే" అన్నాను.

"నెట్ సెంటరు మాటెత్తితే సంపేత్తాను. ఆడు మల్లీ అరుత్తాడు. పలాసలో నీ ఫోన్లో సూసినా నీ పక్కన ఎవడో ఒకడుంటాడు. ఈలోగా కబురు ఊరెక్కుతాది. పాసైతే సరే, తప్పితే ఈసారి నేను రేవులో తలెత్తుకోలేనురా." సంద్రం వైపు చూసి, "మీ మావ ఫోను సంద్రం మీద మోగినాదట కదా? అక్కడైతే ఎవులూ ఉండరు" అంది.

"మరి ఈ పని నాకే ఎందుకు సెప్తన్నావు?"

"ఆ రోజు పాన్ షాపు దగ్గర నిలబడ్డోడివి నువ్వే కదా. నీకన్నా గుట్టుగా ఎవులుంటారు?"

అంతే. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నేను ఇంకా అరిగించుకోలేదు.

సంద్రం మాట నిజమే. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, మా పడవ మీద ఇంజిను చూసుకునేవాడు. ఒకరోజు నాలుగు మైళ్ళు లోపల వల లాగుతుంటే జేబులో ఫోను మోగిందట. భయపడి సంద్రంలోకి విసిరేయబోయాడట. దగ్గర్లో కొబ్బరిచెట్లు అడ్డం, దూరం వెళ్తే చెట్లు కిందికి దిగి టవరు బుర్ర పైకొస్తుంది. అన్ని చోట్లా కాదు. చేపల తావు ఎలా గుర్తు పెట్టుకుంటారో మావ సిగ్నలు తావుని కూడా అలాగే గుర్తు పెట్టుకున్నాడు. షెల్టరు మీద నీళ్ళ ట్యాంకు, దాని వెనక మహేంద్రగిరి కొండ నొక్కు, రెండూ ఒకే గీతలోకి రావాలి. ఇటు దక్షిణాన జంట తాడిచెట్లు ఒక్కటిగా కనిపించాలి. రెండు గీతలూ కలిసిన చోట లంగరేస్తే సిగ్నలు. మంచి చేపల తావు ఎవరికీ చెప్పనట్టే మావ ఈ తావు కూడా ఎవరికీ చెప్పలేదు.

గుర్తు కూడా అమ్మే పెట్టింది. పాత నీలం కోక ముక్క చించి నా చేతిలో పెట్టి, "పాసైతే రేవు కనపడగానే ఇది పడవ మీద ఎగరెయ్. తప్పితే ఏటీ ఎత్తకు, గమ్మునొచ్చీ" అంది. మా రేవులో వల నిండిన పడవ వస్తూ వస్తూ వెదురుకి గుడ్డ కట్టి ఎగరేస్తుంది. అది చూసి ఆడాళ్ళు గంపలతో పరిగెత్తుకొస్తారు. గుడ్డ ఎగిరిందంటే మంచి కబురని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాం. ఆ మంచి కబురు ఊరందరిదీ అని అమ్మకి గానీ నాకు గానీ ఆ పూట బుర్రకి తట్టలేదు.

ఆ మంగళవారం తెల్లారి నేనూ వేటకొస్తానంటే అయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఈడికి సంద్రం మీద పేమ ఎప్పుడొచ్చినాది?" అన్నాడు. నాకు పడవంటే పడదు. రేవు దాటి అల తగిలిందో లేదో తిన్నదంతా సంద్రానికి అప్పజెప్పాను. మావ నా వీపు నిమురుతూ, "సేపలకి మేత మంచిగేసినావురా అల్లుడా" అన్నాడు. వల వేశారు. లాగితే పీతలు నాలుగు, పనికిరాని పిల్ల చేపలు గుప్పెడు. అయ్య మొహం మాడిపోయింది. ఇంకోసారి వేద్దామంటే పది దాటుతోంది.

"అయ్యా, సిగ్నలు కాడికి పోనివ్వు. ఓనరుకి ఫోను సెయ్యాల. సెలవడగలేదు, పని తీసేత్తాడు" అన్నాను. అబద్ధమే. పని పోతుందంటే మాత్రం అయ్య కాదనలేడు. తిట్టుకుంటూ పడవ తిప్పించాడు.

మావ రెండు కళ్ళు చికిలించి కొండా ట్యాంకూ కలిపాడు, తాడిచెట్లు రెండూ కలిపాడు, లంగరు వేశాడు. ఫోన్లో చూస్తే రెండు గీతలు. నెట్టుకి మూడు కావాలి, ఎందుకని మాత్రం అడక్కు అని మావ చెవిలో చెప్పాను. నెంబరు కొట్టాను, నొక్కాను. కింద సన్న గీత ఒకటి కొంచెం పాకింది, ఆగింది, మళ్ళీ ప్రయత్నించమంది. ప్రయత్నించాను. మళ్ళీ అదే మాట. టైము పదకొండు దాటింది. ఒడ్డున అమ్మ పిల్లలకి గుడ్లు పంచుతూ సంద్రం వైపు చూస్తూ ఉంటుంది. 

మావ ఇంజినీరయ్యాడు. గంజి గిన్నె మీది సత్తు మూత తీసి, టీవీకి గొడుగులుంటాయి కదా అలా ఫోను వెనక పట్టాడు. మూత ఎండలో తళుక్కుమని అయ్య కళ్ళలో కొట్టింది. అయ్య చెయ్యి అడ్డం పెట్టుకోబోయి గంజి గిన్నె తన్నేశాడు. ముగ్గురి మధ్యాన్నం తిండీ పడవ అడుగున పారింది. సిగ్నలు మాత్రం రెండు గీతలే.

"పైకెత్తాలిరా. ఎత్తు పెరగాల" అన్నాడు మావ. పొడుగాటి వెదురు తీశాం. ఫోనుని పాలిథిన్ కవర్లో పెట్టి, వలతాడుతో చివర కట్టి, నెంబరు కొట్టి, నొక్కి, ఇద్దరం కలిసి నిలబెట్టాం. కిందున్నవాళ్ళకి పైన పేజీ వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? మావ వందదాకా లెక్కపెట్టాడు, దించాం. మూడు గీతలొచ్చాయి, పేజీ సగం వచ్చింది. దించేటప్పుడు ఆ సగం కూడా పోయింది. రెండోసారి ఎత్తాం. పడవ ఒక పక్కకి ఒరిగితే వెదురు రెండు పక్కలకీ ఊగింది. మూడోసారి గద్ద వచ్చింది. తళతళలాడే కవరు చూసి చేపనుకుందో ఏమో, గిర్రున తిరిగి ఒక్క దెబ్బ కొట్టింది. నేను కెవ్వుమన్నాను. నా ఆరు నెలల జీతం మిగులు, మా అమ్మ ఏడాది చదువు, రెండూ ఆ గద్ద కాళ్ళ సందున చూశాను. మావ తెడ్డు తీసుకుని గాల్లోకి ఊపుతూ దాని వంశాన్నంతా తిట్టాడు.

అయ్య అంతసేపూ అడుగున గంజి తోడుతున్నాడు. తల ఎత్తి అడిగాడు.

"ఓనరుకి ఫోను సెయ్యడానికి ఎదురుగెడ ఎందుకురా? ఆకాశంలో ఉంటాడేటి మీ ఓనరు?"

అంతలో ఇంకో గోల. మా పడవ గంటసేపు ఒకేచోట ఆగి, వెదురు లేపి దించి, తెడ్లు ఊపి హడావుడి చేస్తుంటే దూరాన ఉన్న పడవలు చూస్తూ ఊరుకుంటాయా? కొత్త తావు కనిపెట్టేశామని రెండు పడవలు చల్లగా వచ్చి మా చుట్టూ వలలు పరిచేశాయి. "బావా, ఒక్కడివే తినేద్దామనుకున్నావా?" అని ఒకాయన అయ్యని పలకరించాడు. అయ్య నన్ను చూసి పళ్ళు కొరుక్కున్నాడు. వాళ్ళకి జెల్లి చేపలు పడ్డాయి. చేతులు దురదపెట్టి, మమ్మల్ని నానా బూతులూ తిడుతూ వెళ్ళిపోయారు.

ఈ సందట్లో లంగరు జారి పడవ ఉత్తరానికి కొట్టుకుపోయింది. ఫోను టింగుమంది. పరుగున దించి చూస్తే, ఒడిశాకి స్వాగతం అంటోంది. "ఇచ్చాపురం దాటామేటి?" అని మావ అదిరిపడ్డాడు. ఎక్కడి ఇచ్చాపురం! అటువైపు టవరు ఏదో మా ఫోనుని లాక్కుంది. స్వాగతానికి రుసుము అన్నట్టు బాలెన్సు కూడా కొంత కోసుకుంది. మావ మళ్ళీ ఇంజిను కొట్టి, మళ్ళీ కొండా ట్యాంకూ కలిపాడు.

ఈసారి మావ వంద కాదు, రెండొందలు లెక్కపెట్టాడు. నేను వెదురు మొదలు పొట్టకి ఆనించుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాను. నాకు దేవుళ్ళని మొక్కే అలవాటు పెద్దగా లేదు. ఆ రెండొందలూ మాత్రం రావివలస మల్లన్నకి మొక్కుతూనే ఉన్నాను. గుడికి పైకప్పు లేక ఎండలో నిలబడే దేవుడు కదా, ఎండలో నిలబడ్డవాడి బాధ తెలుస్తుందని. మెల్లగా దించాం. కవరు విప్పాను. అద్దమంతా ఉప్పునీళ్ళు. చొక్కాతో తుడిచాను. తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషలు, అన్నీ ఉన్నాయి. లెక్కల దగ్గర ముప్పై చిల్లర. ముప్పై అయిదు. కింద పాస్ అని ఉంది.

ఎగిరి గంతెయ్యబోయాను. ఆ ఊపులో బొటనవేలు ఎక్కడ పడిందో, పేజీ ఎగిరిపోయింది. పోతే పోయింది, నేను చూశాను కదా! అప్పటికే అయ్య విసిగిపోయి, ఇంజిను తిప్పించి రేవు దారి పట్టించాడు. ట్యాంకు కింద ఊరు కనపడగానే నేను వెదురుకి నీలం ముక్క కట్టి ఎగరేశాను.

అయ్య ఒక్క అరుపు అరిచాడు. "ఒరే! ఏటి సేత్తన్నావురా? నాలుగు పీతలకి గుడ్డెగరేత్తావా? పరువు తియ్యడానికే ఒచ్చినావేటి పడవ మీదకి? దించు!"

"దించను. పాసైపోనాది."

"ఎవులు?"

"అమ్మ."

"ఏ అమ్మ?"

"మా అమ్మయ్యా! నీ పెళ్ళాం! టెన్తు. లెక్కలతో సహా."

అయ్య వలల కుప్ప మీద కూలబడ్డాడు. మావ ఇంజిను వదిలేసి "అక్కా!" అని సంద్రానికి వినబడేలా కేక పెట్టాడు. అయ్య నా మొహం వైపు, గుడ్డ ముక్క వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా, "గుడ్లు ఉడకబెట్టడం నేర్పుతారన్నాదిరా..." అన్నాడు. ఇంకాసేపాగి లేచి, నా చేతిలో వెదురు లాక్కున్నాడు. దించేస్తాడనుకున్నాను. తలకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి, నీలం ముక్క పైన గట్టిగా కట్టాడు. "ఆ పీలిక ఎవులికి కనిపిత్తాది? తప్పు పని సెయ్యకూడదు, సేత్తే అందరికీ కనిపించాల" అన్నాడు. 

అందరికీ కనిపించింది మరి. మేం అలలు దాటి వచ్చేసరికి రేవు నిండా ఆడాళ్ళు, నెత్తిన గంపలు. ఐసు బండి కూడా దిగిపోయింది. పడవ ఇసుకకి తగలగానే పదిమంది పడవ అంచు పట్టుకుని లోపలికి తొంగిచూశారు. నాలుగు పీతలు, గుప్పెడు పిల్లచేపలు, అడుగున గంజి మెతుకులు.

"సేపలేవి?" అంది పందొమ్మిదా ఇరవయ్యా అని అడిగిన ఆవిడే.

అయ్య పడవ మీద నిలబడి రెండు చేతులూ ఎత్తాడు. "నా పెళ్ళాం టెన్తు పాసైపోనాదర్రా!"

రేవులో ఆడాళ్ళంతా ఒకళ్ళ ఖాళీ గంపలోకి ఒకళ్ళు చూసుకున్నారు. "మరి సేపలేవి?" అంది ఆవిడ మళ్ళీ. ఐసు బండోడు ఎవర్నో అమ్మనా బూతులు తిడుతూ బండి వెనక్కి తిప్పుకున్నాడు.

అమ్మ అందరికన్నా వెనక నిలబడి ఉంది. ఆ రేవులో గంప లేకుండా వచ్చింది ఆవిడొక్కతే. జనం తిరిగి చూసి దారిచ్చారు. దగ్గరకొచ్చింది. నవ్వలేదు, ఏడవలేదు.

"లెక్కలెంత?"

"ముప్పై అయిదు."

"సూపించు."

"పేజీ పోనాదమ్మా. ఇక్కడ సిగ్నలు లేదు. నేను సూసినాను కదా, ఒట్టు."

"నెట్ సెంటరోడు అరిత్తే నమ్మినాను. తప్పడం ఎవులు సెప్పినా నమ్ముతాను, రెండుసార్లు అలవాటయినాది. పాస్ మాత్రం నా కళ్ళతో నేను సూడాల." అయ్య వైపు తిరిగింది. "పడవ తియ్యండి."

గంపలన్నీ ఒక్కసారి కదిలాయి. మా రేవులో ఆడది పడవెక్కదు. ఎక్కితే గంగమ్మకి కోపమొస్తుంది, వల ఖాళీ అయిపోతుంది. ఈ కట్టుబాటు మా అయ్య దగ్గర ఇంకా గట్టిది. మా చెల్లి చిన్నప్పుడు ఒడ్డునున్న పడవ మీద చెయ్యి వేస్తేనే కడిగించినవాడు.

"ఏటి మాటలే అవి? ఆడది ఎక్కితే వల కాళీ అయిపోదా?"

అమ్మ పడవలోకి చూసింది. నాలుగు పీతల్నీ లెక్కపెట్టినట్టే చూసింది. "ఇయ్యాల నేనెక్కకుండానే అయిపోనాది కదా" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గంపలు కింద పెట్టి మరీ నవ్వారు. అయ్య తువ్వాలు కోసం తల తడుముకున్నాడు, అది వెదురు మీదుంది. రేవులో ముసలాళ్ళ వైపు చూశాడు, వాళ్ళు చుట్టలు చూసుకుంటున్నారు. ఆఖరికి నీళ్ళలోకి దిగి, పడవ పక్కన మోకాలు వంచాడు. "అక్కడ కాదు, ఇక్కడ కాలెయ్. జారుతాది" అన్నాడు. అమ్మ ఆయన తొడ మీద కాలు పెట్టి పడవెక్కింది.

అల వచ్చినప్పుడల్లా నా భుజం గట్టిగా పట్టుకునేది. నాకు వాంతి రాలేదు, రావడానికి వీల్లేకపోయింది. రెండు మైళ్ళు దాటాక వెనక్కి తిరిగి చూసి, "ఓలమ్మ, మన ఊరు ఇంత సిన్నదా?" అంది. ఇన్నేళ్ళూ ఆ ఒడ్డునే ఉండి ఒక్కసారి కూడా ఇటునుంచి చూడలేదు. అయ్య కొండనీ ట్యాంకునీ తానే కలిపాడు, మావని ముట్టుకోనివ్వలేదు. వెదురు కూడా తానే పట్టుకున్నాడు. రెండొందల దాకా లెక్క మాత్రం అమ్మ పెట్టింది. ఎక్కడా తడబడలేదు.

దించి, కవరు విప్పి, తుడిచి, ఫోను అమ్మ చేతిలో పెట్టాను. ఎండకి కొంగు అడ్డం పెట్టుకుని, అద్దం మీద వేలు ఆనకుండా గాల్లో వేలు జరుపుతూ చదివింది. ముందు తన పేరు చదివింది, పుట్టింటి ఇంటిపేరుతో సహా. బడిలో ఉండగా రాసిందే ఉండిపోయింది కాబోలు. ఆ పేరు మా ఊళ్ళో ఎవరూ పిలవరు. ఇంకోసారి చదివింది. తర్వాత ఒక్కో సబ్జెక్టూ చదువుతూ లెక్కల దగ్గర ఆగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. చటుక్కున నా వైపు తిరిగింది.

"ఒరే! ముప్పై ఆరురా ఇది! ముప్పై అయిదన్నావు. నా ఒక్క మార్కు ఏటి సేసినావు?"

చూస్తే నిజంగానే ముప్పై ఆరు. ఉప్పునీళ్ళో, నా తొందరో. అయ్య వెదురు పట్టుకునే పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పూట మా అయ్య ఏడవడం మేం ముగ్గురం చూశాం. మాకు తెలుసని ఆయనకీ తెలుసు.

టీచరమ్మ వెళ్ళిపోయాక పక్క ఊరి టీచరు నెట్టుకొస్తున్న ఆ కుర్చీ అమ్మకి వచ్చింది. ఇప్పుడు ఊళ్ళోనే టవరు ఉంది, పెరట్లో కూర్చుంటే నాలుగు గీతలు. అమ్మ రిటైరవడానికి దగ్గర పడింది. నేను ఇంటికెళ్ళినప్పుడల్లా అన్నం పెడుతూ ఒక్కసారైనా అడుగుతుంది, "ఆ ఒక్క మార్కు ఎప్పుడిత్తావురా?" అని. పాన్ షాపు మాట మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకే ఆ మార్కు నా దగ్గరే ఉందని ఒప్పేసుకుంటాను, ఇత్తాను లేమ్మా అంటాను.